ఆ బెల్లు ఎక్కడ మోగుతుంది?

మా అత్తయ్యకి మా ఆయన పెట్టిన పేరు ప్రశ్నపత్రం. ముద్దుగానే పెట్టాడట. కన్నతల్లికి ముద్దుపేరు పెట్టిన కొడుకుని నేనింకెక్కడా చూడలేదు. అయినా ఆ పేరు చుట్టాలందరి నోళ్ళలోనూ నలిగి స్థిరపడిపోయింది.

ఆవిడకి ఊరికే కూర్చోవడం రాదు. ఏదో ఒకటి అడగాలి. ఒకరు ఆవలిస్తే పక్కవాళ్ళకీ ఆవలింత ఎందుకొస్తుంది? బట్టలుతికే మిషన్లో మేజోళ్ళు జతగా వేస్తే ఒకటే ఎందుకు మాయమవుతుంది, మాయమైంది ఎక్కడికి పోతుంది? కొట్లో మనం నిలబడ్డ వరస కదలదు, పక్క వరస చకచకా కదులుతుంది, మనం అటు మారగానే అదీ ఆగిపోతుంది, ఎందుకని? మనకి మనమే చక్కిలిగిలి పెట్టుకుంటే నవ్వెందుకు రాదు?

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను. రోజంతా ‘ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా’ అని జనాన్ని అడిగి అడిగి ఇంటికొస్తే, తలుపు తీస్తూనే ప్రశ్న. నాకసలే ముక్కు మీద కోపం. “తెలీదత్తయ్యా, ముందు నన్ను చెప్పులు విప్పుకోనివ్వండి” అని కసిరేదాన్ని. ఆవిడ ఏమీ అనుకునేది కాదు. నేను చెప్పులు విప్పేదాకా ఓపిగ్గా నిలబడి, మళ్ళీ మొదటినుంచీ అడిగేది.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. ఒకళ్ళ తీగ తీసి ఇంకొకళ్ళ తీగకి కలపడం పని. ఆ ఉద్యోగం పోయి ఎన్నేళ్ళయినా అలవాటు పోలేదు. ఇంట్లో ఎవరి ఫోన్ మోగినా, స్నానం మధ్యలో ఉన్నా సరే, “ఎవరో పిలుస్తున్నారు, ఎత్తండి” అని కేకేసేది. మోగుతున్నదాన్ని మోగనిచ్చి ఊరుకోవడం ఆవిడ దృష్టిలో మర్యాద తెలియనివాళ్ళ పని.

మేముండేది అయిదో అంతస్తు. అత్తయ్య మా దగ్గరికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మా లిఫ్టులో అంతస్తుల అంకెల కింద, బెల్లు బొమ్మ ఉన్న పసుపుపచ్చ బటన్ ఒకటుంది. లోపల ఇరుక్కుపోతే నొక్కాల్సిన బటన్. లిఫ్టెక్కిన ప్రతివాళ్ళూ దాన్ని చూస్తారు, ఎవరూ ఏమీ అడగరు. అత్తయ్య అడిగింది.

“ఒరేయ్, ఇది నొక్కితే ఎక్కడ మోగుతుందిరా?”

ఆ రోజు లిఫ్టులో మేం ముగ్గురమే కాక ఎదురింటావిడ కూడా ఉంది. మా ఆయన పైకి చూసి, “దేవుడి దగ్గర” అన్నాడు. ఎదురింటావిడ నవ్వింది.

“అది కాదురా. తీగన్నాక రెండు కొసలుంటాయి. ఒకటి ఇక్కడుంది. రెండోది ఎవరి దగ్గరుంది?”

“అమ్మా, నీ ప్రశ్నలకి ఒక ఆఫీసు తెరవాలే, గుమాస్తాలతో సహా” అన్నాడు మా ఆయన. లిఫ్టు ఆగింది, దిగిపోయాం. ఆవిడ తర్వాత కూడా రెండు మూడు సార్లు అడిగింది. అడిగిన ప్రతిసారీ ఆయన ఏదో ఒక జోకేసి పక్కగదిలోకి జారుకున్నాడు. నేనూ పెద్దగా పట్టించుకోలేదు. మేజోళ్ళూ ఆవలింతల్లాంటిదే ఇదీ అనుకున్నాను.

తర్వాత ఒక మధ్యాహ్నం లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల మా అత్తయ్య ఒక్కతే ఉంది.

దారపుండ కొనుక్కోవడానికి కిందికి వెళ్ళి వస్తోంది. రెండు నిమిషాల పని కదా అని ఫోన్ ఇంట్లోనే చార్జింగులో పెట్టి వెళ్ళింది. నేను దుకాణంలో ఉన్నాను. మా ఆయన ఇంట్లోనే, గది తలుపు వేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని ఆఫీసు పని చేసుకుంటున్నాడు. పగటిపూట ఆ రెండు అంతస్తుల్లో ఇళ్ళన్నీ తాళాలే, మా మెట్ల మీద పిట్ట కూడా తిరగదు. ఆవిడ ఆ పసుపు బటన్ నొక్కింది. నొక్కిన ప్రతిసారీ దాని చుట్టూ ఎర్రదీపం వెలిగింది. నొక్కుతూ, కేకలు వేస్తూ, తలుపు బాదుతూ గంటకి పైగా ఉంది. చివరికి బడినుంచి పిల్లల్ని తీసుకొస్తున్న నాలుగో అంతస్తు ఆవిడ మెట్లెక్కుతూ ఆ బాదుడు విని అందరినీ పిలిచింది.

తలుపు తెరిచేసరికి నేనూ వచ్చాను. అత్తయ్య మూల కూర్చుని ఉంది. గొంతు పూర్తిగా పోయింది. బట్టలు తడిసిపోయి ఉన్నాయి. అంతమంది ముందు ఆవిడ లేవలేక, లేవకుండా ఉండలేక, చేతిలో ఉన్న సంచీని ఒళ్ళో అడ్డం పెట్టుకుంది. నేను నా చున్నీ తీసి చుట్టి లేవదీశాను. ఆవిడ నా మొహం వైపు చూడలేదు.

మా ఆయన అప్పుడు దిగాడు. తల్లిని చూశాడు. చూసి, లిఫ్టు మెకానిక్ రాగానే అతని మీద విరుచుకుపడ్డాడు. “బెల్లు పనిచెయ్యని లిఫ్టు పెట్టి జనాన్ని చంపుతారా?” అని మెట్లు అదిరేలా అరిచాడు. మెకానిక్, “బెల్లు పనిచేస్తోంది సార్, ఒక్కసారి పైకి...” అని ఏదో చెప్పబోయాడు. “నాకు కథలు చెప్పకు” అని మా ఆయన కాలరు పట్టుకున్నంత పని చేశాడు. అతను మొహం మాడ్చుకుని, ఆగిన లిఫ్టుని నడిపించి వెళ్ళిపోయాడు. కన్నకొడుకు కదా, కడుపు రగిలింది అనుకున్నాను. నాకూ రగులుతూనే ఉంది.

ఆ రోజునుంచి అత్తయ్య గడప దాటలేదు. మెట్ల మీదుగా తీసుకెళ్తానన్నా రాలేదు. అంతకంటే నన్ను భయపెట్టింది వేరే ఉంది. ఆవిడ ప్రశ్నలు అడగడం మానేసింది. నేను దుకాణంనుంచి వచ్చి చెప్పులు విప్పుకుని, కావాలనే అక్కడే నిలబడేదాన్ని. ఆవిడ తలుపు తీసి లోపలికి వెళ్ళిపోయేది. ఒకరోజు నేనే ఉండబట్టలేక, “అత్తయ్యా, ఉల్లిపాయ కోస్తే కళ్ళే ఎందుకు మండుతాయి, ముక్కెందుకు మండదు?” అని అడిగాను. “ఏమో” అంది. ఆవిడ నోటినుంచి ఆ మాట నేను అంతకుముందు వినలేదు.

ఎదురింటావిడ రోజూ టీ వేళకి వచ్చి కూర్చునేది. ఇప్పుడు ఆవిడ తలుపు తడితే అత్తయ్య నిద్ర నటించేది. ఎందుకలా చేస్తున్నారని నిలదీస్తే మెల్లగా బయటపెట్టింది.

“ఎవరో విన్నారమ్మాయ్. విని ఊరుకున్నారు.”

“అదేం మాట? మోగి ఉండదు, అంతే.”

“మోగకపోతే దీపం ఎందుకు వెలుగుతుంది? నేను నొక్కినప్పుడల్లా వెలిగింది. ఎక్కడో మోగింది. ఎవరింట్లోనో మోగింది. వాళ్ళు విన్నారు, లేచి రాలేదు.” తలుపు వైపు చెయ్యి చూపించి, “ఎదురింటావిడ ఆ రోజు ఇంట్లోనే ఉందట” అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎదురింటావిడ మీద కాదు. ఇంత చిన్న విషయానికి జవాబు చెప్పగలిగే మనిషి ఈ మేడ మొత్తంలో లేకపోవడం మీద. ఈవిడ ఇలా ఒక్కొక్క ఇంటినీ అనుమానించుకుంటూ, ఒక్కొక్క తలుపూ మూసుకుంటూ పోతే చివరికి ఏం మిగులుతుంది? ఆ బెల్లు ఎక్కడ మోగుతుందో నేను కనుక్కుని తీరాలి అనుకున్నాను.

“వదిలెయ్, ఇప్పుడు లిఫ్టు బాగానే నడుస్తోందిగా” అన్నాడు మా ఆయన. “అమ్మకి మళ్ళీ మళ్ళీ గుర్తుచెయ్యడం మంచిది కాదు.”

“మీరు ఊరుకోండి” అన్నాను.

మా మేడకి ఏడాదికొక సెక్రటరీ. ఇంటికొకరు చొప్పున వంతులేసుకుంటారు. ఎవరికీ ఇష్టముండదు, అందరూ తిట్టుకుంటూ చేస్తారు. ఇప్పుడు వంతు రెండో అంతస్తు ట్యూషన్ మాస్టారుది. సెలవురోజు పొద్దున్నే ఆయన తలుపు కొట్టాను. పాఠం చెప్తున్న మనిషిని గుమ్మంలోనే నిలబెట్టి చెడామడా కడిగేశాను. మీ తల్లయితే ఇలాగే ఊరుకుంటారా అన్నాను. సెక్రటరీ అని పేరు పెట్టుకుని లిఫ్టు బెల్లు ఎక్కడ మోగుతుందో తెలియకపోతే ఆ పదవి ఎందుకు, కుర్చీ తుడవడానికా అన్నాను. లోపల పిల్లలందరూ పెన్నులు ఆపి వింటున్నారు. మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“నిజమేనమ్మా. నాకు తెలియకపోవడం తప్పే. మెకానిక్‌ని పిలుద్దాం” అన్నాడు.

మెకానిక్ వచ్చాడు. నన్ను చూసి రెండడుగులు వెనకే నిలబడ్డాడు, మా ఇంటివాళ్ళ నోరు అతనికి తెలుసు కనక. ఈసారి నేను అరవలేదు. బెల్లు ఎక్కడుందో చూపించమని మామూలుగానే అడిగాను. అతను మమ్మల్ని మేడ మీద మిషను గదికి తీసుకెళ్ళాడు. లిఫ్టులోంచి వచ్చే తీగల్లో ఒక పసుపు తీగ పట్టుకుని గోడ వెంట నడిచాడు. అది ఒక చిన్న తెల్లడబ్బా దగ్గర ఆగిపోయింది.

“ఇదివరకు కింద వాచ్‌మన్ గదిలో మోగేదండీ. వాచ్‌మన్ని తీసేశాక, ఆ గది సైకిళ్ళకి ఇచ్చేశాక, ఎవరికి వినపడుతుంది? అందుకని ఇది పెట్టాం. ఇక్కడనుంచి తీగ లేదు. ఇళ్ళకి పెట్టుకునే కాలింగ్ బెల్లే. లిఫ్టులో నొక్కితే సెక్రటరీగారింట్లో మోగుతుంది.”

“మా ఇంట్లోనా?” అన్నాడు మాస్టారు. “మా ఇంట్లో ఏదీ మోగదే.”

“దీని జోడీ ఉండాలండీ. ప్లగ్గులో పెట్టేది, ఇంతే ఉంటుంది, తెల్లగా. సెక్రటరీ మారినప్పుడు తాళాలతోపాటు అదీ చేతులు మారాలి. అలా అనే కదండీ అప్పటి సెక్రటరీగారు ఒప్పుకున్నారు. మొన్న ఇదే చెప్పబోతే సారు...” అని ఆగిపోయాడు.

“నాకు తాళాలిచ్చారు. రబ్బరు స్టాంపు ఇచ్చారు. నీళ్ళ మోటారు గది తాళం వేరే ఇచ్చారు. డబ్బా ఏదీ ఇవ్వలేదే” అన్నాడు మాస్టారు. అని, అంతలోనే ఏదో తట్టినట్టు నోరు మూసుకున్నాడు. నా వైపు చూడకుండా తీగ వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆయన కంటే ముందు సెక్రటరీ మా ఆయన.

నా తల కొట్టేసినట్టయింది. ఒక్క గంట ముందు పదిమంది పిల్లల ఎదుట ఆ పెద్దాయన్ని నేనన్న మాటలన్నీ చెవుల్లో గింగురుమన్నాయి. “క్షమించండి మాస్టారూ” అని చెప్పి మెట్లు దిగాను.

మా ఆయన బల్లకి కింద సొరుగు ఒకటుంది. పాత చార్జర్లు, పనిచెయ్యని మౌసులు, ఏ ఫోన్‌వో తెలియని వైర్లు అన్నీ చిక్కుపడి ఉంటాయందులో. ఆ చిక్కంతా నేలమీద కుమ్మరించాను. తెల్లడబ్బా దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది.

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా చేతిలో ఉన్నదాన్ని చూశాడు. ఇదేమిటని అడగలేదు. అడగకపోవడంతోనే నాకంతా అర్థమైంది.

“ఎప్పుడు పీకేశారు?”

“అమ్మ మన దగ్గరికి రాకముందు. నువ్వు దుకాణంలో ఉన్నప్పుడు ఆ వెధవ పిల్లలు రోజూ నొక్కేవాళ్ళే. ఆఫీసు మీటింగులో ఉంటే కిచకిచమని మోత. చచ్చీ చెడీ కిందికి పరిగెత్తితే ఎవడూ ఉండడు. ఎన్నిసార్లని పరిగెడతాను? ఒకరోజు విసుగొచ్చి పీకి లోపల పడేశాను. తర్వాత మర్చిపోయాను.”

“మర్చిపోయారా? అత్తయ్య లిఫ్టులో అడిగినప్పుడు కూడా గుర్తురాలేదా?”

“అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి మాస్టారికి అప్పజెప్పేసి చాలా రోజులైంది. ఇప్పుడు తీసుకెళ్ళి ఇస్తే ఏమనుకుంటారు? మీటింగులో నలుగురూ నన్ను ఆడిపోసుకోరూ? తర్వాత మెల్లగా ఇద్దామనుకున్నా.”

“ఆవిడ ఇరుక్కున్నాక?”

“ఇరుక్కున్నాక ఎలా చెప్పనే?” అన్నాడు. అదేదో నాకే అర్థం కావాల్సిన విషయమైనట్టు.

“చెప్పకపోగా ఆ మెకానిక్ కాలరు పట్టుకున్నావు!” అన్నాను. పెళ్ళయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. “నీ తల్లి ఆ మూల తడిసిన బట్టల్తో కూర్చుని ఉంటే, నువ్వు పక్కన నిలబడి ఇంకొకడి మీద అరిచావు. అతను నోరు తెరిస్తే నీ గుట్టు బయటపడుతుందని తెలిసే అరిచావు. ఆవిడ ఎదురింటి మనిషిని అనుమానిస్తూ కుమిలిపోతుంటే చూస్తూ కూర్చున్నావు. ఛీ!”

“మెల్లగా, అమ్మకి వినపడుతుంది. చెప్పకు, ప్లీజ్. అసలే బీపీ మనిషి. తెలిస్తే తట్టుకోలేదు.”

“నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చెవుల మీద బతికిన మనిషి ఆవిడ. మేం వెనక్కి తిరిగేసరికి నడవలో నిలబడి ఉంది. వచ్చి, నా చేతిలోంచి ఆ డబ్బా తీసుకుని, ఇటూ అటూ తిప్పి చూసింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

“ఇదేనా?” అంది.

“అమ్మా, కావాలని చేసింది కాదమ్మా” అన్నాడు మా ఆయన. “ఊరికే మోగుతూ ఉండేది. అలా మోగితే ఎవరైనా పిల్లలే అనుకుంటారు కదమ్మా.”

ఆవిడ కోప్పడుతుందని చూశాను. ఏడుస్తుందని చూశాను. ఆవిడ వెళ్ళి భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. బల్ల పక్కనున్న ప్లగ్గులో డబ్బా పెట్టింది. దానిమీద చిన్న దీపం వెలిగింది.

“పనిచేస్తుందో లేదో చూద్దాం. వెళ్ళి లిఫ్టులో నిలబడి నొక్కు.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. ఇక్కడ మోగితే నేనే వచ్చి చెప్తాను. నేను వచ్చేదాకా నొక్కుతూ ఉండు.”

చెయ్యడానికి పనొకటి దొరికినందుకు మా ఆయన మొహం తేటపడింది. తల్లి క్షమించేసిందనే అనుకున్నాడు. చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాడు. గడప దాటని మనిషి గడప దాటి వస్తానన్నదని నాకూ లోపల ఆశ కలిగింది.

కాసేపటికి డబ్బా మోగింది. పిచ్చుకల కిచకిచ, దాని వెనక టింగుటింగుమని బొమ్మల బండి పాట. గది దద్దరిల్లింది. అత్తయ్య ఉలిక్కిపడి దాని వైపు చూసింది.

“ఇంత గట్టిగా మోగుతుందా ఇది” అంది.

మళ్ళీ మోగింది. నేను తలుపు వైపు నడవబోయాను.

“కూర్చో అమ్మాయ్.”

కూర్చున్నాను. డబ్బా మోగుతూనే ఉంది. ఆగడం, మోగడం, ఆగడం, మోగడం. ఫోన్ మోగితే స్నానంలోంచి కేకలేసే మనిషి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా, మోగినంతసేపూ వింది. ఆవిడ దవడ బిగుసుకుని ఉంది. మా అత్తయ్యకి కోపం వస్తే ఎలా ఉంటుందో నేను ఆ రోజే చూశాను. నా ఫోన్ కూడా మోగడం మొదలుపెట్టింది, తెర మీద మా ఆయన పేరు. అత్తయ్య నా వైపు చూసింది. నేను ఫోన్ బోర్లా పెట్టేశాను.

చాలాసేపటికి అన్నీ ఆగిపోయాయి. మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడింది. మా ఆయన రొప్పుతూ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

“మోగలేదా?”

“మోగింది” అంది అత్తయ్య.

“మోగిందా! మరి రాలేదేమమ్మా? అక్కడే నిలబడి నొక్కుతూనే ఉన్నాను!”

ఆవిడ ప్లగ్గులోంచి డబ్బా తీసింది. మాస్టారికి ఇచ్చిరమ్మని నా చేతిలో పెట్టింది. అప్పుడు కొడుకు వైపు చూసింది.

“పిల్లలనుకున్నానురా” అంది.